నాలుగో భాగంలో ఆగిపోయినవాడు

మొన్న మధ్యాహ్నం డ్యూటీ రూములో టీ తాగుతుంటే, క్యాజువాలిటీలో కొత్తగా చేరిన నర్సు తన ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టింది. "సిస్టర్, మీరు ఆడే ఆట ఎనిమిదో భాగం వస్తందంట, చూడండి" అంది. చూశాను. చీకట్లో కోట, గోడ మీద పాకే మనిషి, కావలివాడి నోరు వెనక నుంచి నొక్కడం, గొంతు మీద కత్తి లాగడం, నెత్తురు ఎగజిమ్మి తెర సగం ఎర్రబడడం. గొంతు తెగినవాడు అంత శుభ్రంగా, అంత త్వరగా పడిపోడని ఆ పిల్లకు చెప్పబోయి మానేశాను. ఈ ఊళ్ళో, ఈ ఉద్యోగంలో, తనే చూస్తుంది.

ఫోను తిరిగి ఇస్తుంటే అతను గుర్తొచ్చాడు. కొత్త భాగం ఏది వచ్చినా అతను అడిగే మొదటి మాట ఒకటే. "ఎవురినీ చంపకుండా అయిపోద్దంటనా అక్కా?" బొమ్మలు ఎలా ఉన్నాయి, కోట ఎంత పెద్దది, ఇవన్నీ ఆ తర్వాత. ఆ మాట అడిగే మనిషి ఇప్పుడు లేడు. చివరికి అతని తలకు గుడ్డ అదిమి పట్టుకున్నది నేనే. అతని మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. రాస్తే తగ్గుతుందేమో చూద్దామని రాస్తున్నాను.

నరసరావుపేటలో నేను అద్దెకుండే మేడ కింద వాటాలో అతని గేమ్ షాపు. రెండు టీవీలు, రెక్సిన్ చిరిగిన సోఫా, కొన్ని కుర్చీలు. వచ్చే కాలేజీ కుర్రాళ్ళంతా క్రికెట్టో కార్ల పందెమో ఆడుకుని పోయేవాళ్ళు. అతను మాత్రం మూల కుర్చీలో గోడకు వీపు ఆనించి ఒకటే ఆట ఆడేవాడు. ఒక మనిషి ఒంటరిగా కోటలోకి దూరతాడు, లోపల ఉన్నదేదో తీసుకుని కావలివాళ్ళ కంటపడకుండా బయటికి రావాలి. కథంతా అంతే. ఏళ్ళ తరబడి ఒక్కొక్కటిగా ఏడు భాగాలు వచ్చాయి. మా వీధిలో దానికి నక్కుడాట అని పేరు పడింది.

నేను మొదటిసారి కిందికి దిగింది తగువుకే. డ్యూటీ నుంచి వచ్చి నడుం వాలిస్తే కింద నుంచి ఒకటే అరుపులు. ఆ రోజు మాచర్ల వైపు నుంచి తలలు పగిలినవాళ్ళు వ్యాను నిండా వచ్చారు, పొద్దుట్నుంచీ కుట్టి కుట్టి నా వేళ్ళు మడత పడటం లేదు. తిట్టటానికి నోరు తెరిచి, టీవీ చూసి ఆగిపోయాను. తెర మీద అతని మనిషి ఓ కావలివాడి వెనకే నిలబడి ఉన్నాడు, చేతిలో కత్తి ఉంది, ఎంతకీ పొడవడు.

"పొడువు, ఇంకా ఏంది చూస్తన్నావు?" అన్నాను.

"పొడిస్తే ఏమొస్తదక్కా?" అన్నాడు తల తిప్పకుండా. కావలివాడి మెడ చుట్టూ మోచెయ్యి వేసి స్పృహ తప్పేదాకా బిగించాడు. ఈడ్చుకెళ్ళి గోడ నీడలో పడుకోబెట్టాడు. "పడుకో బాబాయ్, తెల్లారేసరికి లేస్తావు" అన్నాడు టీవీతో.

కావలివాళ్ళందరూ అతనికి బాబాయిలే. ఆ వరస పెట్టి పిలవడం చూసి నవ్వొచ్చి, తిట్టడం మర్చిపోయి సోఫాలో కూర్చున్నాను. ఆ తర్వాత మార్నింగ్ షిఫ్టు అయిన ప్రతి మధ్యాహ్నం అక్కడే నా కాలక్షేపం. పెళ్ళికాని నర్సు గేమ్ షాపులో కూర్చుంటుందని మా చర్చిలో ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. కొరుక్కోనీ అనుకున్నాను.

షట్టరు ఎప్పుడూ సగమే ఎత్తేవాడు. లోపలికి రావాలంటే ఎంతటివాడైనా వంగాలి, వంగేలోపు వాడి కాళ్ళు కనపడతాయి. చెప్పులు చూసి మనిషిని చెప్పేవాడు. హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకునేవాడు, రెండో చెవి వీధికి. "మా చిన్నాన్నవి కిర్రు చెప్పులక్కా. రెండో భాగంలో అయితే మొదటి గదిలోనే దొరికిపోతాడు" అని నవ్వేవాడు. రెండో భాగం గొప్పంతా నేల చప్పుడులో ఉంది. రాతి మీద ఒక రకం, చెక్క మీద ఒక రకం, ఎండుగడ్డి మీద ఇంకో రకం. అడుగు గట్టిగా పడితే పక్క గదిలో వాడు తల తిప్పుతాడు.

మేం పోట్లాడుకోని రోజు లేదు. నాకు ఐదోది ప్రాణం. రెండు చేతుల్లో రెండు గొడ్డళ్ళు ఇస్తారు, నక్కే పనే లేదు, వరసగా నరుక్కుంటూ పోవచ్చు. చెయ్యి తెగి పడేది, తల దొర్లేది, చివరి దెబ్బ నెమ్మదిగా చూపించేవాళ్ళు. రోజంతా తెగినవాటిని అతికించేదాన్ని, డ్యూటీ దిగాక కాసేపు నేను నరికితే ఎవరి సొమ్ము పోయింది? అలా అంటే అతను మొహం చిట్లించేవాడు. "ఐదోది ఆట కాదక్కా, మాంసం కొట్టు. నక్కుడాట తీసినోళ్ళే దాన్ని తీశారంటే నమ్మబుద్ధి కాదు" అనేవాడు.

మొదటిదాని మీద అతనికి గౌరవం. బొమ్మలు మట్టిముద్దల్లా ఉన్నా అందులో చీకటి చీకటేనట. దివిటీ ఆర్పితే కనపడవు, వెలుగులోకి అడుగేస్తే చచ్చావు, మధ్యలో మోసం లేదు. ఆరోది అంటే చులకన. ఊరంత పెద్ద కోట కట్టి పారేశారు, పొదలో కూర్చుని ఈలేస్తే కావలివాళ్ళు ఒకడి తర్వాత ఒకడు వచ్చి పడిపోతారు. "ఈళ్ళు కావలోళ్ళా, గొర్రెలా?" అని విసుక్కునేవాడు. ఏడోది పాత పద్ధతికి తిరిగొచ్చింది కాబట్టి క్షమించాడు. మూడోది మాత్రం అతనికి దేవుడి పటం లాంటిది. అందులో కావలివాళ్ళు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుంటారు. ఒకడు కనపడకపోతే మిగతావాళ్ళు వెతుక్కుంటూ వస్తారు. "పోయినోడు పోయాడని ఊరుకోరు చూశావా, అట్టా ఉండాలి" అనేవాడు. కోటలో నుంచి బయటపడే దారి కూడా అందులోదే చిత్రం. శవాల బండిలో శవంలా పడుకుని, గేటు దగ్గర కావలివాళ్ళు మొహం తిప్పుకుంటే వాళ్ళ ముందు నుంచే వెళ్ళిపోవాలి.

నాలుగోదాని సంగతి వేరు. అది అతను పూర్తి చెయ్యలేదు. చివరి గదిలో తలుపుకు అడ్డంగా దళపతి నిలబడి ఉంటాడు, మధ్యమధ్య దగ్గుతుంటాడు. వాణ్ణి చంపితేనే తలుపు తెరుచుకుంటుంది. మెడ నొక్కి పడుకోబెట్టినా తెరుచుకోదు, నడుముకున్న తాళం కొట్టేసినా తెరుచుకోదు. అతను ఆ గది దాకా వచ్చి, గోడలన్నీ తడిమి, ఆట ఆపేసి మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టేవాడు.

"లోకమంతా ఆడింది, దారి లేదని ఇంటర్నెట్‌లో రాశారు. ఒక్క పోటు పొడిచి అవతలికి పోరాదా?" అన్నాను ఒకసారి ఒళ్ళు మండి.

"వాళ్ళు సరిగ్గా వెతకలేదక్కా. తీసినోడు ఎక్కడో ఓ సందు పెట్టే ఉంటాడు."

ఎందుకంత పట్టుదలో గోడ మీద ఫోటో చూస్తే తెలిసేది. అది వాళ్ళన్నది. అతని ఊరు గురజాల వైపు. ఓ పోలింగ్ రోజు ఓటేసి తిరిగొస్తుంటే వాళ్ళన్నను రోడ్డు మీద నరికారు. నరికినవాడు పరాయివాడు కాదు, అదే బజారు, అదే కులం, వరసకు బాబాయ్, కాకపోతే అవతలి పార్టీ. ఫలితాలు వచ్చాక ఓడిన వైపు ఇళ్ళన్నీ ఊరొదిలాయి. తల్లి మాచర్లలో మరిది ఇంట, అంటే ఇతని చిన్నాన్న దగ్గర తలదాచుకుంది, ఇతను పేటకొచ్చి షాపు పెట్టాడు. ఫోటో చుట్టూ దండ లేదు. ఎందుకు లేదని అడిగాను.

"దెబ్బకు దెబ్బ పడ్డాక వేస్తానంది అమ్మ. అందాకా ఎవుర్నీ వెయ్యనియ్యదు."

దెబ్బ వెయ్యాల్సింది అతనే. ఇంట్లో మిగిలిన కొడుకు అతనొక్కడే. వాళ్ళ చిన్నాన్న కిర్రు చెప్పులతో వచ్చి, ఫోటో కింద కూర్చుని, "ఎప్పుడ్రా?" అని అడిగి పోయేవాడు. ఇతను తల వంచుకుని కంట్రోలర్లు తుడిచేవాడు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా గొడవ చేస్తారనుకున్న రెండు పార్టీల మగవాళ్ళనీ తాసిల్దారు ఆఫీసుకు పిలిచి, తగాదాలకు పోబోమని బైండోవర్ పూచీ రాయించుకుంటారు. ఒకసారి అలా వెళ్ళొచ్చి చెప్పాడు.

"ఆ బాబాయి నా పక్కనే కూచున్నాడక్కా, ఒకే బెంచీ మీద. నీళ్ళ బాటిలు నా వైపు జరిపాడు."

"తాగావా?"

"దాహమేసింది. తాగా."

అన్నను నరికిన చేతి నీళ్ళు తాగాడని నాకు అసహ్యమేసింది. ఆ మాటే మొహం మీద అన్నాను. అతను రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ నాకే తోచలేదు.

ఈసారి ఫలితాలు తిరగబడి చిన్నాన్న వైపు గెలిచింది. కౌంటింగ్ రోజు పొద్దెక్కేసరికి ఊళ్ళలో నాటుబాంబులు మొదలయ్యాయి. పోలీసులంతా కౌంటింగ్ కేంద్రం దగ్గర, మా ఆసుపత్రి గేటు దగ్గర ఒక్క కానిస్టేబుల్. క్యాజువాలిటీ నేల ఎర్రగా జారుతోంది, అడుగేస్తే చెప్పు పట్టుకుంటోంది. ఒకడి చెవి కవర్లో పెట్టి తెచ్చారు. ఒకడి మోకాలి చిప్ప కనపడుతోంది. వాళ్ళ మధ్యలో ఆ బాబాయిని తెచ్చి బల్ల మీద పడేశారు. కుడి చెయ్యి మణికట్టు దగ్గర తోలు మీద వేలాడుతోంది, తల మీద రెండు గాట్లు, వీపు చీలిపోయింది. తెచ్చినవాళ్ళు దింపి పారిపోయారు. గుంటూరు పంపితే బతుకుతాడన్నారు డాక్టరుగారు. అంబులెన్స్ గేటు బయట సిద్ధంగా ఉంది, ఆ మనిషిని అక్కడిదాకా తీసుకెళ్ళే వీలు లేదు. ఎదురుగా టీ కొట్టు దగ్గర చిన్నాన్న మనుషులు గోనెసంచుల్లో గొడ్డళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. అంబులెన్స్ కదిలితే అందులోనే నరుకుతామని కానిస్టేబుల్‌కే చెప్పి పంపారు.

అప్పుడు అతను వచ్చాడు. నాకు టిఫిన్ తెచ్చి ఇచ్చే అలవాటు ఉంది కాబట్టి అతన్ని ఎవరూ ఆపరు, వెనక వరండా, మెట్లు, స్టోరు రూము అన్నీ తెలుసు.

"చిన్నాన్న పంపాడక్కా. వెనక తలుపు గడియ తీసి రమ్మన్నాడు."

"తీస్తావా?" అన్నాను. నా చేతిలో ఆ మనిషి తెగిన చెయ్యి ఉంది.

అతను బల్ల దగ్గరికి వచ్చి చూశాడు. అన్నను నరికిన మనిషి కళ్ళు తెరిచి ఇతన్ని గుర్తుపట్టాడు, భయంతో బల్ల మీదే తడుపుకున్నాడు. నేను కళ్ళు మూసుకుని యేసయ్యా అనుకున్నాను.

"అక్కా, మూడోది గుర్తుందా? శవాల బండి" అన్నాడు.

పల్నాట్లో ఎంత పగ ఉన్నా శవానికి దారి వదులుతారు. శత్రువైనా సరే, శవం ఎదురైతే తలగుడ్డ తీసి పక్కకు నిలబడతారు. అయినవాళ్ళు తప్ప మొహం మీద గుడ్డ ఇంకెవరూ ఎత్తరు. అతను నమ్ముకున్నది దాన్నే. నేనే ఆ మనిషి ముక్కుల్లో దూది పెట్టాను, గడ్డానికి కట్టు కట్టాను, తెల్లదుప్పటి తల దాకా లాగాను. అతను చెవి దగ్గర వంగి, "నోటితో ఊపిరి పీల్చు బాబాయ్, కదలమాక. పడుకో" అన్నాడు.

స్ట్రెచర్ ముందు పక్క అతను పట్టుకున్నాడు, వెనక నేను. అంబులెన్స్ గేటు బయట ఉంది. చిన్నాన్న లేచి ఎదురొచ్చాడు, సంచీలో చెయ్యి పెట్టాడు.

"పోయాడు చిన్నాన్నా. పోస్ట్‌మార్టానికి గుంటూరు తీసకపోతన్నారు" అన్నాడు అతను.

దుప్పటిలో వీపు కింద నుంచి నెత్తురు కారి నా చెప్పు మీద పడుతోంది. శవానికి నెత్తురు అలా కారదని ఆ గుంపులో ఒక్కడికి తట్టినా మేం ముగ్గురం అక్కడే ముక్కలయ్యేవాళ్ళం. చిన్నాన్న కాసేపు దుప్పటి వంక చూశాడు. సంచీలోంచి చెయ్యి తీశాడు, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆయన తీశాక వెనక ఉన్నవాళ్ళంతా తీశారు. తలలు వంచి దారి ఇచ్చారు.

ఆ మనిషి బతికాడు. చెయ్యి పోయింది. వారం తిరక్కుండానే సంగతి తెలిసిపోయింది, కొన్నాళ్ళకు ఆ బాబాయి ఊళ్ళోకి తిరిగి వచ్చిన రోజు అవతలివాళ్ళు టపాకాయలు కాల్చారు. మా వాడు బతికుండగానే తలగుడ్డలు తీశారురోయ్ అని గెలిచాక ఊళ్ళో మళ్ళీ కాపురం పెట్టిన చిన్నాన్న ఇంటి గోడకు వినపడేలా కేకలేశారు. చిన్నాన్నకు శత్రువు బతకడం కంటే అదే పెద్ద దెబ్బ. బజారులో మనుషులు ఆయన్ని చూసి తల మీద చెయ్యి పెట్టుకుని నవ్వేవాళ్ళట.

"హైదరాబాద్ పో, విజయవాడ పో, ఎక్కడికైనా పో" అని అతని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను.

"షాపు ఎవురు చూస్తారక్కా?" అన్నాడు. ఇంతకీ నాకు కోపం ఇందుకే. నక్కడం అంత బాగా తెలిసినవాడు ఒక్కసారి, తన కోసం, నక్కలేకపోయాడు.

ఆ మధ్యాహ్నం నాలుగో భాగమే ఆడుతున్నాడు. దళపతి గదికి వచ్చాడు. దివిటీ ఒకటి ఆర్పకుండా వదిలితే ఏమవుతుందో చూస్తానన్నాడు. వీధిలో కిర్రుమని చప్పుడైంది. అతను హెడ్‌ఫోన్ తీసేశాడు. షట్టరు కింద చెప్పులు కనపడ్డాయి, వాటి వెనక ఇంకొన్ని కాళ్ళు.

"అక్కా, నువ్వు పైకి పో. చిన్నాన్న వస్తన్నాడు. మాట్లాడి పంపిస్తా."

వెనక మెట్ల మీద సగం ఎక్కానో లేదో వినపడింది. ఐదో భాగంలో గొడ్డలి దెబ్బకు ఖంగుమని చప్పుడు పెట్టారు. నిజం దెబ్బకు అంత చప్పుడు ఉండదు, తడి బట్ట బండ మీద బాదినట్టు ఉంటుంది. అది ఆగకుండా వినపడింది. "బతికున్నోడికి తలగుడ్డ తీయించావురా, నువ్వే శవానివి కా" అని చిన్నాన్న గొంతు. నేను అరుస్తూ కిందికి దూకేసరికి షట్టరు కింద నుంచి కాళ్ళు వెళ్ళిపోతున్నాయి.

సోఫాకు ఆనుకుని ఉన్నాడు. ముంజేతులు రెండూ ఎముక దాకా తెగాయి, చేతులు అడ్డం పెట్టుకోవడం తప్ప ఇంకేం చెయ్యలేదని గాట్లే చెప్పాయి. తల ఎడమ పక్క తెరుచుకుంది. చున్నీ తీసి అదిమాను, అది తడవడానికి ఎంతోసేపు పట్టలేదు. టీవీ మీద నెత్తురు చారలు, వాటి వెనక దళపతి నిలబడి దగ్గుతూనే ఉన్నాడు.

"షట్టరు దించక్కా, జనం చూస్తన్నారు" అన్నాడు. మా క్యాజువాలిటీ బల్ల మీదే పోయాడు.

షాపు ఖాళీ చెయ్యడానికి తల్లి వచ్చింది. అంతకుముందు ఆమెను నేను చూడలేదు. చేతిలో గుడ్డలో చుట్టిన ఫోటో ఉంది. గోడకున్న పెద్దకొడుకు పక్కన మేకు కొట్టించి చిన్నకొడుకును తగిలించింది. దానికీ దండ లేదు. ఈసారి దెబ్బ ఎవరి మీద పడాలి? చంపింది ఆమె సొంత మరిది.

"బయట బండి మీద ఇద్దరు ఉన్నారు చూశావా?" అంది నాతో. "చెయ్యి తెగినోడు పంపాడు. నీ చిన్నకొడుకు నాకు ఊపిరి పోశాడు, వాడి బదులు మేం తీరుస్తాం, నువ్వు ఊఁ అను చాలు అన్నాడంట. నేను ఏదో ఒకటి చెప్పిందాకా ఇక్కణ్ణించి కదలరంట."

కావాలంటే చిన్నాన్నను నేనే నరుకుదునన్న ఆవేశం నాకు అప్పటికీ ఉంది. ఊఁ అనమని చెప్పాలనే నోరు లాగుతోంది.

ఆమె సోఫా వంక చూసింది. నెత్తురు మరక ఎంత కడిగినా పోలేదు. "రోజంతా ఇక్కడ కూచుని ఏం చేసేవాడమ్మా? ఓసారి చూపించు."

టీవీ పెట్టాను. అతను చివర ఆడిన చోటే తెరుచుకుంది. గది, ఆర్పని దివిటీ, తలుపుకు అడ్డంగా దళపతి.

"ఈడెవుడు?"

"కావలోళ్ళ పెద్ద. వీణ్ణి చంపితేగానీ తలుపు రాదు పెద్దమ్మా."

"మరి మావాడేం చేసేవాడు?"

"చంపేవాడు కాదు. ఆపేసి మళ్ళీ మొదటి నుంచీ వచ్చేవాడు. వేరే దారి ఉంటదని."

"దొరికిందా?"

"లేదు."

ఆమె ముందుకు జరిగి, తెరకు దగ్గరగా కూర్చుని, చాలాసేపు చూసింది. దళపతి దగ్గుతున్నాడు. బయట బండి మీదవాళ్ళు హారన్ కొట్టారు, ఆమె తల తిప్పలేదు. నేను బటన్ మీద వేలు పెట్టి ఉంచాను. ఒక్క పోటు చాలు, అతనికి ఎన్నాళ్ళు పట్టినా దొరకని తలుపు తెరుచుకుంటుంది. నొక్కలేకపోయాను.

"కట్టెయ్యమ్మా" అంది చివరికి. లేచి, కొంగుతో రెండు ఫోటోల అద్దాలూ తుడిచింది. "ఈ వీధిలో పూలకొట్టు ఉందా?"

"చివర ఉంది పెద్దమ్మా."

"ఆ బండోళ్ళని పొమ్మని చెప్పి, రెండు దండలు తీసకరా."